ఇంగ్లిష్ విశేషణం అలంకారం కాదు, షరతు

పదో తరగతి ఇంగ్లిష్ చదివిన ప్రతి ఒక్కరికీ ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ గుర్తుండే ఉంటుంది. ‘టాల్, టాలర్, టాలెస్ట్’ అంటూ పట్టిక బట్టీ పట్టాలి. సూపర్లేటివ్‌లో ఇచ్చిన వాక్యాన్ని ముందు కంపారటివ్‌లోకి, ఆ తర్వాత ‘నో అదర్’తో మొదలుపెట్టి పాజిటివ్‌లోకి మార్చాలి. ఎక్కడ ‘ద్యాన్’ రావాలో, ఎక్కడ ‘యాజ్’ రావాలో పట్టుబడితే మార్కులు చేతికొచ్చినట్టే. తెలుగు రాష్ట్రాల పిల్లలను నిద్రలేపి అడిగినా ఈ మార్పిడి చేసి చూపిస్తారు. కానీ ‘రాము ఈజ్ టాలర్ ద్యాన్ రవి’ అన్నంత మాత్రాన రాము పొడగరి అయిపోయాడా అని వాళ్లనెవరూ అడగరు. రాము నాలుగడుగుల ఎనిమిదంగుళాలు, రవి నాలుగడుగుల ఆరంగుళాలు ఉన్న పెద్దవాళ్లే అనుకున్నా ఆ వాక్యం అక్షరాలా నిజం. ఇద్దరిలో ఎవరూ పొడగరి కారు.

రూపం నేర్పి అర్థం వదిలేయడం ఇక్కడే మొదలవుతుంది. విశేషణం అంటే ‘డిస్క్రైబింగ్ వర్డ్’ అని, నామవాచకానికి తొడిగే నగలాంటిదని చిన్న తరగతుల్లో విన్న మాటే డిగ్రీ దాకా నడిచొస్తుంది. ఇంగ్లిష్‌ను నమ్ముకుని చదువులూ ఉద్యోగాలూ కట్టుకుంటున్న సమాజానికి ఆ పాఠం చాలదు. లోన్ ఒప్పందంలో, పోలీసు కేసులో, జ్యూస్ ప్యాకెట్ మీద, అమెరికా యూనివర్సిటీకి పంపే సిఫార్సు లేఖలో విశేషణం చేసేది సింగారం కాదు. ఏది వర్తిస్తుంది, ఎంతవరకు వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అని అది గీత గీస్తుంది.

ఇంగ్లిష్‌లో ఎదురెదురు విశేషణాల జంటలు సరిసమానం కావు. ‘టాల్, షార్ట్’, ‘ఓల్డ్, యంగ్’ వంటి జంటల్లో మొదటి మాట గుణాన్నే కాక ఆ కొలతను మొత్తంగా కూడా సూచిస్తుంది. నిన్న పుట్టిన పసిగుడ్డు గురించి అడిగినా ‘హౌ ఓల్డ్’ అనే అడుగుతారు. ‘హౌ యంగ్’ అన్నారంటే మాత్రం అడిగేవాళ్లు ముందే ఒక అభిప్రాయానికి వచ్చేసినట్టే. తెలుగులో ఈ చిక్కు లేదు. ‘వయసెంత’, ‘ఎత్తెంత’ అని సూటిగా అడిగేస్తాం.

రిచర్డ్ హారిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ఈ తేడాను ప్రయోగం చేసి కొలిచారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు ‘హౌ టాల్’ అని కొందరిని, ‘హౌ షార్ట్’ అని ఇంకొందరిని అడిగి అంగుళాల్లో ఊహించి చెప్పమన్నారు. మొదటివాళ్ల సగటు 79 అంగుళాలు, రెండోవాళ్ల సగటు 69. సినిమా ‘హౌ లాంగ్’ అంటే సగటున 130 నిమిషాలన్నారు, ‘హౌ షార్ట్’ అంటే 100 అన్నారు. ఆ ఆటగాణ్ని గానీ, ఆ సినిమాను గానీ వాళ్లెవరూ చూడలేదు. పది అంగుళాలూ ముప్పై నిమిషాలూ కోసేసింది ప్రశ్నలో మారిన ఒక్క విశేషణమే. సొంత సాక్షిని విచారించేటప్పుడు జవాబును సూచించే ప్రశ్నలు వేయడాన్ని మన సాక్ష్యాధార చట్టం మామూలుగా ఒప్పుకోదు. ఆ జాగ్రత్త ఊరికే పెట్టింది కాదని హారిస్ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

విశేషణానికి సొంతంగా ఉండే అర్థం చాలా తక్కువ. ‘బిగ్’ అంటే ఎంత? పెద్ద చీమ ఎంత పెద్దదైనా చిన్న ఏనుగు కాలిగోరుకు సాటిరాదు. కొలతను పక్కనున్న నామవాచకమే ఇస్తుంది. రంగులైనా నిలకడగా ఉంటాయా అంటే అదీ లేదు. ‘రెడ్ యాపిల్’ తొక్క ఎరుపు, ‘రెడ్ వాటర్‌మెలన్’ గుజ్జు ఎరుపు. ‘రెడ్ పెన్’ అన్నప్పుడు సిరా ఎరుపా, పెన్ను ఎరుపా అన్నది సందర్భమే తేల్చాలి. ‘వైట్ వైన్’ తెల్లగా ఉండదు.

ఇంకాస్త లోతుకు వెళ్తే, పైకి ఒకేలా కనిపించే విశేషణాలు అర్థాన్ని కట్టే తీరులో వేరువేరు జాతులని తెలుస్తుంది. ఒక సర్జన్ వయొలిన్ కూడా వాయిస్తారనుకుందాం. ఆయన ‘ఇండియన్ సర్జన్’ అయితే ‘ఇండియన్ వయొలినిస్ట్’ కూడా అయి తీరాలి. ‘స్కిల్‌ఫుల్ సర్జన్’ అయినంత మాత్రాన ‘స్కిల్‌ఫుల్ వయొలినిస్ట్’ కానక్కర్లేదు. ఆపరేషన్ థియేటర్‌లోని నేర్పు కచేరీకి బదిలీ కాదు. తత్వవేత్త హాన్స్ కాంప్ 1975లో ఈ సంగతుల మీద రాసిన వ్యాసం అర్థవిజ్ఞానం చదివేవాళ్లకు ఇవాళ్టికీ మొదటి మెట్టు.

వీటికి తోడు మూడో జాతి ఒకటుంది. తాను అంటుకున్న నామవాచకాన్నే అది రద్దు చేస్తుంది, లేదా అనుమానంలో పడేస్తుంది. ‘ఫేక్ సర్టిఫికెట్’ సర్టిఫికెట్ కాదు. ‘ఫార్మర్ మినిస్టర్’ ఇప్పుడు మంత్రి కాదు. ‘అలెజ్డ్ థీఫ్’ దొంగ కావచ్చు, కాకపోవచ్చు. పత్రికలవాళ్లు అందరికన్నా ఎక్కువగా కాపాడుకోవాల్సిన విశేషణం ఈ చివరిదే. ఏజెన్సీ ఇంగ్లిష్ కాపీలోని ‘అలెజ్డ్’ తెలుగులోకి వచ్చేసరికి శీర్షిక పొట్టిగా ఉండాలన్న తొందరలో జారిపోతే, కోర్టు ఇంకా తేల్చని మనిషిని పత్రికే దోషిని చేసినట్టవుతుంది. ‘ఆరోపణలు ఎదుర్కొంటున్న’ అని రాస్తే శీర్షిక బరువెక్కుతుందన్న మాట నిజమే. అయినా ఆ బరువు మోయాల్సిందే. అవతల ఉన్నది ఒక మనిషి పేరు.

ఇంగ్లిష్‌లో విశేషణం నిలబడే చోటు కూడా అర్థాన్ని మారుస్తుంది. తెలుగులో విశేషణం నామవాచకానికి ముందే వస్తుంది. ఇంగ్లిష్‌లో కొన్ని మాటలు ముందూ రాగలవు, వెనకా రాగలవు. ముందు వస్తే సాధారణంగా శాశ్వత లక్షణం, వెనక వస్తే అప్పటికప్పటి స్థితి అని భాషావేత్త డ్వైట్ బోలింజర్ 1967లో వివరించారు. ‘విజిబుల్ స్టార్స్’ అంటే మామూలుగా కంటికి కనిపించే రకం నక్షత్రాలు. ‘స్టార్స్ విజిబుల్’ అంటే ఇప్పుడు, ఈ రాత్రి కనిపిస్తున్నవి.

మన ఆఫీసు ఉత్తరాల్లో ‘ద కన్సర్న్‌డ్ ఆఫీసర్’ అని రాయడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ‘సంబంధిత అధికారి’ అనే తెలుగు వరుసకు అది అచ్చంగా సరిపోతుంది. బ్రిటన్‌లోనో అమెరికాలోనో చదివేవాళ్లకు మాత్రం ‘కన్సర్న్‌డ్’ ముందు వస్తే ఆందోళన పడుతున్న అధికారి, వెనక వచ్చి ‘ఆఫీసర్ కన్సర్న్‌డ్’ అయితేనే సంబంధిత అధికారి. భారతీయ ఇంగ్లిష్‌లో ఈ వాడుక స్థిరపడిపోయింది, ఇక్కడ దాన్ని తప్పనడం పాండిత్య ప్రదర్శనే అవుతుంది. కాకపోతే దేశం దాటే ఉత్తరంలో రాసేటప్పుడు తేడా తెలిసి రాయాలి.

రాజ్యాంగంలో అయితే ఇదే తేడా ఓట్ల లెక్కను మార్చేస్తుంది. సవరణలకు సంబంధించిన 368వ అధికరణంలో ‘మెంబర్స్ ప్రెజెంట్ అండ్ వోటింగ్’లో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలని ఉంటుంది. ‘ప్రెజెంట్’ వెనక ఉంది కాబట్టి సభకు వచ్చి ఓటేసినవాళ్లని అర్థం. అదే మాట ముందుకొచ్చి ‘ప్రెజెంట్ మెంబర్స్’ అయితే ప్రస్తుత సభ్యులందరూ లెక్కలోకి వస్తారు. 543 మంది ఉన్న లోక్‌సభలో 450 మంది వచ్చి ఓటేశారనుకుంటే, మొదటి లెక్క ప్రకారం 300 ఓట్లు చాలు. రెండో లెక్క ప్రకారం 362 కావాలి. మొత్తం సభ్యుల్లో సగానికి మించి, అంటే 272 మంది ఒప్పుకోవాలన్న షరతు ఎలాగూ విడిగా ఉంది. 62 ఓట్ల తేడా ఒక మాట నామవాచకానికి ఎటువైపు ఉందన్న దాని మీద ఆధారపడింది.

విశేషణాల వరుస మీద కూడా ఇంగ్లిష్‌వాళ్లకు ముచ్చట ఎక్కువ. రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ ఏడేళ్ల వయసులో డ్రాగన్ కథ రాస్తే, ‘గ్రీన్ గ్రేట్ డ్రాగన్’ అనకూడదు, ‘గ్రేట్ గ్రీన్ డ్రాగన్’ అనాలని వాళ్లమ్మ సరిదిద్దారట. ఎందుకో తనకు అప్పుడూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదని ఆయన 1955లో కవి ఆడెన్‌కు రాశారు. అభిప్రాయం, పరిమాణం, వయసు, ఆకారం, రంగు, పుట్టుక, పదార్థం అనే ఆ వరుసను మన కోచింగ్ సెంటర్లు కూడా బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తాయి. వరుస తప్పితే వినేవాళ్ల చెవికి గుచ్చుకుంటుంది తప్ప అర్థం పెద్దగా చెడదు. విశేషణం మీద పెట్టే సమయాన్ని ముందు ఖర్చుపెట్టాల్సిన చోటు అది కాదు.

ఖర్చుపెట్టాల్సిన చోటు ఏదంటే, ప్రభుత్వాసుపత్రి నుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లే ఒక కాగితం. ఊళ్లో కొట్లాట జరిగి ఎవరైనా దెబ్బలతో ఆసుపత్రికి వస్తే డాక్టరు వూండ్ సర్టిఫికెట్ రాస్తారు. దాని చివర తేలేది ఒక్క విశేషణమే: గాయం ‘సింపుల్’ లేక ‘గ్రీవియస్’. ఒళ్లంతా వాతలు తేలి వారం రోజులు మూలిగినా అది ‘సింపుల్’ కావచ్చు. చూడడానికి ఏమంత లేకపోయినా ఒక్క పన్ను విరిగితే ‘గ్రీవియస్’. ఎముక గానీ పన్ను గానీ విరగడం, స్థానం తప్పడం, చూపు లేదా వినికిడి శాశ్వతంగా పోవడం, ముఖం శాశ్వతంగా వికారం కావడం లాంటి ఎనిమిది రకాలను మాత్రమే చట్టం ఆ మాట కింద చేర్చింది. చివరి రకం రోజుల లెక్క. తీవ్రమైన నొప్పితో, లేదా రోజువారీ పనులు చేసుకోలేని స్థితిలో ఇన్ని రోజులు ఉండాలన్న షరతు పాత శిక్షాస్మృతి 320వ సెక్షన్‌లో 20 రోజులుగా ఉండేది. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ దాన్ని 15 రోజులకు తగ్గించింది. మామూలు గాయానికి గరిష్ఠ శిక్ష ఏడాది, ‘గ్రీవియస్’ అయితే ఏడేళ్లు.

దెబ్బలు తిన్నవాళ్లకూ, ఆ కాగితం చేతిలో పట్టుకుని స్టేషన్ బయట నిలబడ్డ బంధువులకూ ‘సింపుల్’ అంటే తెలిసిన అర్థం ఒక్కటే, తేలిక. ‘మనిషి లేవలేకపోతుంటే సింపుల్ అని రాస్తారా’ అని వాళ్ల కడుపు మండుతుంది. ఆ మాట నొప్పిని కొలవడం లేదని, చట్టంలోని ఎనిమిది గళ్లలో గాయం పడిందా లేదా అనే చూస్తోందని వాళ్లకు వివరించి చెప్పే నాథుడు ఉండడు. పదో తరగతి దాకా చదివిన పిల్లాడు ఇంట్లో ఉంటే ఆ పని అతను చేయగలగాలి. ఇంగ్లిష్ చదువు ఇంటికి అక్కరకొచ్చే సందర్భం ఇంతకంటే ఏముంటుంది?

దేశం మొత్తానికి వర్తించే విశేషణాలూ ఉన్నాయి. భావప్రకటన స్వేచ్ఛ మీద ప్రభుత్వం పెట్టే ఆంక్షల గురించి రాజ్యాంగం 19(2)లో మొదట ‘రీజనబుల్’ అన్న మాట లేదు. 1951లో మొదటి సవరణ ఆంక్షలకు కారణాలను పెంచింది. ఆ పెంపుతోపాటే ‘రెస్ట్రిక్షన్స్’ ముందు ‘రీజనబుల్’ వచ్చి చేరింది. ఆంక్ష ఉందా లేదా అని మాత్రమే కాకుండా, అది సహేతుకమా కాదా అని తూచే అధికారం కోర్టుకు ఆ మాటతో దక్కింది. పౌరుడి పక్షాన నిలబడ్డ విశేషణం అది. పీఠికలో 1976 దాకా రిపబ్లిక్ ముందు ‘సావరిన్’, ‘డెమొక్రటిక్’ అని రెండే విశేషణాలు ఉండేవి. 42వ సవరణ మధ్యలో ‘సోషలిస్ట్’, ‘సెక్యులర్’ చేర్చింది. వాటిని తీసేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత కూడా రెండు విశేషణాల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లారంటే వాటిని అలంకారమని ఎలా అంటాం? ఇక ఉరిశిక్ష విషయంలో బచన్ సింగ్ కేసు తీర్పు 1980లో గీసిన గీత ‘రేరెస్ట్ ఆఫ్ రేర్’. బడిలో మార్కుల కోసం మార్చే సూపర్లేటివ్ మీద అక్కడ ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది.

కిరాణా కొట్టులోనూ ఇదే కథ. ‘ఫ్రెష్’, ‘నేచురల్’, ‘ప్యూర్’, ‘ట్రెడిషనల్’, ‘ఒరిజినల్’, ‘రియల్’ లాంటి మాటలు ప్యాకెట్ల మీద ఎంత విచ్చలవిడిగా వాడేవారంటే, చివరికి ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో ప్రకటనల నిబంధనలు తెచ్చి ఒక్కో విశేషణానికి షరతులు రాయాల్సి వచ్చింది. కడగడం, తొక్క తీయడం, కోయడం, చల్లబరచడం లాంటివి మినహా ఇంకే ప్రాసెసింగూ చేయని వాటినే ‘ఫ్రెష్’ అనాలి. ఒకే పదార్థం ఉండి, అందులో ఇంకేదీ కలపనప్పుడే ‘ప్యూర్’ అనాలి. బ్రాండ్ పేరులోనే అలాంటి మాట ఉండి జనం పొరబడే వీలుంటే, అది పేరు మాత్రమేననీ, సరుకు స్వభావాన్ని చెప్పడం లేదనీ ప్యాకెట్ మీద ప్రకటించాలి. ఆ ప్రకటన కోసం వెతికే అలవాటు కొనేవాళ్లకు ఉండాలి మరి.

జ్యూస్ ప్యాకెట్ తిప్పి చూస్తే ఇంకో విశేషణం కనిపిస్తుంది: ‘రీకాన్‌స్టిట్యూటెడ్’. పండ్ల రసంలోని నీటిని తీసేసి చిక్కగా చేసి నిల్వ ఉంచి, మళ్లీ నీళ్లు కలిపి తయారుచేసినదని దానర్థం. అలాంటి రసాల మీద ‘100 శాతం ఫ్రూట్ జ్యూస్’ అని వేయడం మానుకోవాలని 2024 జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కంపెనీలను ఆదేశించింది. కలిపిన తీపి కిలోకు 15 గ్రాములు దాటితే ‘స్వీటెన్డ్ జ్యూస్’ అని రాయాల్సిందేనని కూడా గుర్తుచేసింది. ముందువైపు పెద్దక్షరాల్లో ఉన్న విశేషణం అమ్మడానికి, వెనకవైపు చిన్నక్షరాల్లో ఉన్నది నిజం చెప్పడానికి. ఈ రెండో దాన్ని చదవడం నేర్పే పాఠం మన ఇంగ్లిష్ రీడర్లలో ఉండాలి. ఒక్క ఖాళీ ప్యాకెట్ తెచ్చుకుంటే నలభై అయిదు నిమిషాల పీరియడ్ సరిపోతుంది.

మనుషులకు తగిలించే విశేషణాలు అన్నిటికన్నా సున్నితమైనవి. 1946లో సాలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త విద్యార్థులకు ఒక అపరిచితుడి గుణాల జాబితా చదివి వినిపించారు. తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి, పట్టుదల, ఆచరణ జ్ఞానం, జాగ్రత్త ఉన్నవాడు. మధ్యలో ఒక గుంపుకు ‘వార్మ్’ అని, ఇంకో గుంపుకు ‘కోల్డ్’ అని చేర్చారు. మిగతా ఆరూ ఒకటే. అతను ఉదారంగా ఉంటాడా అని అడిగితే ‘వార్మ్’ విన్నవాళ్లలో పదికి తొమ్మిది మంది అవునన్నారు, ‘కోల్డ్’ విన్నవాళ్లలో పదికి ఒక్కరు కూడా సరిగ్గా లేరు. ఆ చోట ‘పొలైట్’, ‘బ్లంట్’ పెట్టి చూస్తే ఇంత తేడా రాలేదు. అంటే కొన్ని విశేషణాలు పక్కనున్నవాటి అర్థాన్ని కూడా తమవైపు లాక్కుంటాయి. ‘వార్మ్’ పక్కన తెలివి ఒకలా, ‘కోల్డ్’ పక్కన ఇంకోలా వినిపిస్తుంది. నాలుగేళ్ల తర్వాత మరో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ కెల్లీ ఎంఐటీలో ఒక అతిథి అధ్యాపకుడు రాకముందు విద్యార్థులకు రెండు రకాల పరిచయ పత్రాలు పంచారు. వాటిలో తేడా ఈ రెండు మాటలదే. ఒకే మనిషి, ఒకే పాఠం. ‘వార్మ్’ అని చదివినవాళ్లకు ఆయన నచ్చారు, వాళ్లు చర్చలో ఎక్కువగా పాల్గొన్నారు కూడా.

ఇది తెలుగు కుటుంబాలకు నేరుగా తగిలే విషయం. 2023–24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వాళ్లలో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉంటారు. వీళ్లు దరఖాస్తుతో పంపే సిఫార్సు లేఖలు చాలా కాలేజీల్లో ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ‘సిన్సియర్’, ‘హార్డ్‌వర్కింగ్’, ‘ఒబీడియంట్’. ఇక్కడి లెక్చరర్ దృష్టిలో ‘ఒబీడియంట్’ మంచి మాటే, మాట వినే పిల్ల అని. పరిశోధనకు సొంతంగా ఆలోచించేవాళ్లు కావాలనుకునే ప్రొఫెసర్‌కు అదే మాట సందేహం కలిగిస్తుంది. అమ్మాయిల విషయంలో నష్టం ఇంకా ఎక్కువ. అమెరికాలో సైకాలజీ అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన సిఫార్సు లేఖలను జువాన్ మడేరా, మిషెల్ హెబుల్, రాండీ మార్టిన్ పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మహిళల గురించి రాసినప్పుడు దయ, సాయం చేసే గుణం, ఆప్యాయత చెప్పే మాటలు ఎక్కువ. మగవాళ్ల గురించి రాసినప్పుడు ఆత్మవిశ్వాసం, చొరవ చెప్పే మాటలు ఎక్కువ. మొదటి రకం మాటలు పెరిగేకొద్దీ ఉద్యోగానికి తగినవారన్న అంచనా తగ్గింది. రాసినవాళ్లు మెచ్చుకుంటున్నామనే అనుకున్నారు.

కాలేజీల ఇంగ్లిష్ విభాగాలు ఈ పని భుజాన వేసుకోవచ్చు. దరఖాస్తుల కాలం మొదలయ్యేముందు లేఖలు రాసే అధ్యాపకులను, ముసాయిదాలు తయారుచేసుకునే విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి పాత లేఖలు ముందు పెట్టాలి. ప్రతి విశేషణం కింద గీత గీసి, ఇది ఎవరితో పోల్చి అన్నది, దేనిలో, ఏం చూసి అన్నది అని అడగాలి. ‘హార్డ్‌వర్కింగ్’ దగ్గర జవాబు దొరక్కపోతే ఆ మాట కొట్టేసి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో సెన్సర్ పనిచేయనప్పుడు ఆ అమ్మాయి సర్క్యూట్ విప్పి లోపం ఎక్కడుందో ఎలా పట్టుకుందో రెండు వాక్యాల్లో రాయాలి. ‘ఇండిపెండెంట్’ అనే విశేషణం ఆ తర్వాత పెడితే చదివే ప్రొఫెసర్‌కు అదేమిటో తెలుస్తుంది.